జాకీ కొనే ముందు



ఇప్పుడు బండి లేని వాడకట్టు లేదు. ఒకరి ఇంటి ముందు ప్యాసింజర్ ఆటో ఉంటది. ఇంకొకరి ఇంటి ముందు కూరగాయలు, బస్తాలు వేసే ట్రాలీ ఆటో ఉంటది. మరొకరికి ట్రాక్టరు, ట్రాలీ. కొందరికి కిరాయికి తిప్పే కారు. బండి మీదనే ఇల్లు గడుస్తది. బండి ఆగితే ఆ రోజు కూలి ఆగినట్టే.

బండి ఉన్న ఇంట్లో జాకీ కూడా ఉంటది. బండిని పైకి లేపే సామాను జాకీ. పంక్చర్ అయితే చక్రం విప్పడానికి అది కావాలె. బ్రేకులు చూడాలన్నా, పట్టీలు చూడాలన్నా అదే కావాలె. జాకీ కూడా ఒకనాడు పాతబడుతుంది. నూనె కారుతుంది. లేపిన బండి మెల్లగా కిందికి దిగుతుంది. అప్పుడు కొత్తది కొనాలె.

"అది మగవాళ్ల పని, మనకెందుకు?" అని మీరు అనవచ్చు. ఒక్క మాట ఆలోచించండి. బండి కిందికి దూరేది ఎవరు? మన పెనిమిటి, మన కొడుకు, మన తమ్ముడు. పక్కన నిలబడి పానా అందించేది ఎవరు? మనమే. అక్కడే ఆడుకునేది మన పిల్లలు. జాకీకి పెట్టే పైసలు చాలాసార్లు మన సంఘం పొదుపు నుంచే వస్తాయి. అందుకని జాకీ సంగతి మనకు తెలియాలి. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. జాకీ మీద రాసిన అంకెలు మనమే చదువుకోవచ్చు.

జాకీ ఎట్ల పని చేస్తది?

పెద్ద బండరాయిని చేతులతో కదపలేం. గడ్డపార కింద పెట్టి అదిమితే కదులుతుంది. గడ్డపార పొడుగు చివర మనం చాలా దూరం కిందికి అదుముతాం. రాయి మాత్రం కొంచెమే లేస్తుంది. దూరం ఎక్కువ పోయింది, బలం ఎక్కువ వచ్చింది. జాకీలో ఉన్న కిటుకు కూడా ఇదే.

ఇంకొక కిటుకు నూనెది. ఒక ప్లాస్టిక్ కవరు నిండా నీళ్లు పోసి మూతి కట్టండి. ఒక మూలన వత్తండి. నీళ్లు ఒక్క పక్కకే పోవు. కవరు అన్ని పక్కలా ఉబ్బుతుంది. ఎక్కడ వత్తినా ఆ ఒత్తిడి అంతటికీ పాకుతుంది. ఫ్రాన్సు దేశపు పాస్కల్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని సుమారు 370 ఏళ్ల కింద వివరించాడు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా అనే ఆయన ఈ సూత్రంతో నీటి ఒత్తిడి యంత్రం చేసి హక్కు రాయించుకున్నాడు. మన నూనె జాకీ ఆ యంత్రానికి మనవరాలు లాంటిది.

నూనె జాకీలో రెండు గొట్టాలు ఉంటాయి. ఒకటి సన్నది, ఒకటి లావుది. రెండింటిలోనూ కడ్డీలు ఉంటాయి. నడుమ నూనె ఉంటుంది. మనం హ్యాండిల్ కొడితే సన్న కడ్డీ నూనెను నెడుతుంది. ఆ నూనె లావు కడ్డీని పైకి లేపుతుంది.

ఒక లెక్క చూద్దాం. సన్న కడ్డీ వెడల్పు 1 సెంటీమీటరు అనుకుందాం. లావు కడ్డీ వెడల్పు 4 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు లావు కడ్డీ అడుగు జాగా 16 రెట్లు పెద్దది. హ్యాండిల్ గడ్డపార లాగా బలాన్ని 10 రెట్లు చేస్తుంది అనుకుందాం. మనం 10 కిలోల బలంతో అదిమాం.

10 కిలోలు × 10 = 100 కిలోలు.
100 కిలోలు × 16 = 1600 కిలోలు.

చూశారా? ఒక ఆడమనిషి ఒక్క చేత్తో 16 క్వింటాళ్లు లేపగలదు. కానీ ఏదీ ఊరికే రాదు. సన్న కడ్డీ 16 మిల్లీమీటర్లు దిగితే లావు కడ్డీ 1 మిల్లీమీటరే లేస్తుంది. అందుకే హ్యాండిల్ అన్నిసార్లు కొట్టాలె.

ట్రాక్టరు నాగలిని పైకి లేపేది ఈ నూనె బలమే. టిప్పరు డబ్బాను లేపేది, జేసీబీ చెయ్యిని తిప్పేది కూడా ఇదే. నాగార్జునసాగర్‌కు 1955లో పునాది వేశారు. ఆ పెద్ద రాతి ఆనకట్టకు వేలమంది కూలీలు తట్టలతో, భుజాలతో బరువులు మోశారు. పాలమూరు మట్టి కూలీలు దేశమంతా తిరిగి కాలువలు, ఆనకట్టలు తవ్వారు. మనిషి నడుము మోసిన బరువును ఇప్పుడు నూనె మోస్తున్నది.

పాతది పూర్తిగా పోయిందా?

కొత్తది కొనే ముందు పాతదాన్ని ఒకసారి చూడండి. కొన్నిసార్లు చిన్న పనితోనే బాగవుతుంది.

1. హ్యాండిల్ కొడితే మెత్తమెత్తగా ఉందా? కొంచెం లేచి ఆగుతుందా? లోపల గాలి చేరి ఉండవచ్చు. బరువు ఏమీ లేకుండా, కిందికి దింపే మరను వదులు చేసి, హ్యాండిల్ పది పదిహేనుసార్లు కొడితే గాలి పోతుంది.

2. నూనె తగ్గిందా? కడ్డీని పూర్తిగా కిందికి దింపి, నూనె పోసే బిరడా తీసి చూడాలి. రంధ్రం అంచు దాకా నూనె ఉండాలి. జాకీ నూనెనే పోయాలి. బ్రేకు ఆయిల్ అసలు పోయవద్దు. అది లోపలి రబ్బరు సీళ్లను పాడు చేస్తుంది. ఇంజను నుంచి తీసిన నల్ల నూనె కూడా వద్దు. దానిలో మురికి ఉంటుంది.

3. కడ్డీ పక్క నుంచి నూనె కారుతుందా? రబ్బరు సీలు అరిగింది. పేరున్న కంపెనీ జాకీ అయితే సీళ్లు విడిగా దొరకవచ్చు. తెలిసిన మెకానిక్‌తోనే వేయించాలి.

4. కడ్డీ వంగిందా? తుప్పు పట్టి గుంటలు పడ్డాయా? అడుగు పళ్లెం పగిలిందా? అతుకు దగ్గర చీలిక ఉందా? అయితే దాన్ని వదిలెయ్యండి. వెల్డింగ్ పెట్టి వాడవద్దు. అది ఏ రోజు విరుగుతుందో ఎవరికీ తెలియదు. పాత ఇనుము కింద అమ్మేయండి. ఇంకొకరికి జాకీగా అమ్మవద్దు. వాళ్లింట్లో కూడా పిల్లలు ఉంటారు.

జాకీలు మూడు రకాలు

మర జాకీ: దీనిలో నూనె ఉండదు. మర తిప్పితే లేస్తుంది. కార్లతో పాటు ఇచ్చేది చాలావరకు ఇదే. కత్తెర లాగా తెరుచుకుంటుంది. తేలిక. దారిలో చక్రం మార్చడానికి సరిపోతుంది. ఇంటి దగ్గర ఎక్కువసేపు చేసే పనికి ఇది చాలదు.

సీసా జాకీ: బుడ్డి లాగా నిలబడి ఉంటుంది. బాటిల్ జాకీ అని కూడా అంటారు. తక్కువ జాగా పడుతుంది, ఎక్కువ బరువు లేపుతుంది. ట్రాలీలకు, లారీలకు ఇదే వాడతారు. కానీ దీని అడుగు చిన్నది. ఒరిగే భయం ఉంటుంది. దీన్ని ఎప్పుడూ నిటారుగానే పెట్టాలి.

చక్రాల జాకీ: నేల మీద పొడుగ్గా పడుకొని ఉంటుంది. కింద నాలుగు చిన్న చక్రాలు ఉంటాయి. దుకాణంలో దీన్ని ట్రాలీ జాకీ అంటారు. బండి కిందికి సులువుగా తోయవచ్చు. పొడుగు హ్యాండిల్‌తో దూరంగా నిలబడి లేపవచ్చు. అడుగు వెడల్పు కనుక నిలకడ ఎక్కువ.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. చక్రాల జాకీ చెయ్యి నిట్టనిలువుగా లేవదు. తలుపు తెరుచుకున్నట్టు గుండ్రంగా తిరుగుతూ లేస్తుంది. అందుకని బండి లేస్తున్నప్పుడు జాకీ కొంచెం ముందుకు దొర్లాలి. గచ్చు నేల మీద అది దొర్లుతుంది. మట్టి మీద చక్రాలు దిగబడిపోతాయి. జాకీ కదలదు. అప్పుడు దాని తల బండి కింద పక్కకు జారుతుంది. బండి పడిపోతుంది.

మన నల్లగొండ, పాలమూరు వైపు చెల్క నేలలు ఎక్కువ. ఎండాకాలం గట్టిగా కనపడతాయి. ఒక్క వాన పడితే మెత్తబడతాయి. రేగడి అయితే చెప్పనే వద్దు. కనుక మీ వాకిలి మట్టిదైతే చక్రాల జాకీ కొనవద్దు. సీసా జాకీ కొనండి. దాని కింద వెయ్యడానికి అడుగు పొడుగు, అడుగు వెడల్పు, రెండు అంగుళాల మందం ఉన్న గట్టి చెక్క చేయించుకోండి. వాకిలి గట్టి గచ్చు అయితే చక్రాల జాకీ మంచిది.

జాకీ కింద తాండూరు బండ, కడప బండ వెయ్యవద్దు. అవి పలుచని రాతి పలకలు. బరువు ఒక్క చోట పడితే పటుక్కున పగులుతాయి. ఇటుకలు, సిమెంటు ఇటుకలు కూడా వద్దు.

ఎన్ని టన్నులది కావాలె?

జాకీ మీద ఒక రేకు అతికించి ఉంటుంది. దాని మీద 2, 3, 5, 10 వంటి అంకె ఉంటుంది. పక్కన టన్ను అని గానీ, ఇంగ్లీషులో టి అనే అక్షరం గానీ ఉంటుంది. ఆ జాకీ అంతకు మించి లేపకూడదని దాని అర్థం.

టన్ను అంటే భయపడవద్దు. వడ్లు, పత్తి అమ్మే మనకు క్వింటాలు తెలుసు. 10 క్వింటాళ్లు అయితే 1 టన్ను. అంతే.

చక్రం మార్చేటప్పుడు బండి మొత్తాన్ని లేపం. ఒక మూల లేపుతాం. ఆ మూల మీద ఎంత బరువు పడుతుందో చూడాలి. ఆ బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లేపగల జాకీ కొనాలి.

ప్యాసింజర్ ఆటో ఖాళీగా సుమారు 4 క్వింటాళ్లు ఉంటుంది. చిన్న కారు 8 నుంచి 10 క్వింటాళ్లు. చిన్న ట్రాలీ ఆటో సరుకుతో కలిపి 16 క్వింటాళ్లు అనుకుందాం. దాని వెనక ఒక్క చక్రం మీద 5, 6 క్వింటాళ్లు పడవచ్చు. వీటన్నిటికీ 2 టన్నుల జాకీ చాలు. 3 టన్నులది అయితే ఇంకా ధీమా.

ట్రాక్టరు ట్రాలీ లెక్క వేరు. ట్రాలీ 15 క్వింటాళ్లు అనుకుందాం. 40 కిలోల వడ్ల సంచులు 100 ఉన్నాయి. 100 × 40 = 4000 కిలోలు. అంటే 40 క్వింటాళ్లు. మొత్తం 55 క్వింటాళ్లు. రెండు చక్రాల ట్రాలీ అయితే ఒక్కో చక్రం మీద 27 క్వింటాళ్ల దాకా పడవచ్చు. దానికి ఒకటిన్నర రెట్లు అంటే 40 క్వింటాళ్లు దాటుతుంది. కనుక 5 టన్నుల కంటే తక్కువ జాకీ పెట్టకూడదు. కారు జాకీని ట్రాలీ కింద పెట్టడం చావును పిలుచుకోవడమే.

వీలైతే ముందు సంచులు దింపండి. మిర్యాలగూడ మిల్లుకో, సూర్యాపేట మార్కెట్‌కో గంట ఆలస్యంగా పోవచ్చు. వడ్లు ఎక్కడికీ పోవు.

ట్రాక్టరు వెనక పెద్ద చక్రాన్ని మాత్రం ఇంటి దగ్గర విప్పకండి. అది చాలా బరువు. కొందరు ఆ టైర్లలో నీళ్లు కూడా నింపిస్తారు. దానికి మెకానిక్ కావాలి.

ఆటోను నలుగురు పట్టుకొని ఒక పక్కకు వాల్చి చక్రం మార్చడం మనం చూస్తుంటాం. ఒకరి చెయ్యి జారితే ఇంకొకరి కాలు పోతుంది. చిన్న జాకీ ఉంటే ఆ ముప్పు ఉండదు.

పుల్లతో కొలత

టన్నులు చూస్తే సరిపోదు. ఎత్తు కూడా చూడాలి. జాకీ బండి కింద పట్టాలి. పంక్చర్ అయినప్పుడు బండి ఇంకా కిందికి దిగి ఉంటుంది. అప్పుడు కూడా పట్టాలి.

దీనికి ఒక ఉపాయం. టైరులో గాలి లేనప్పుడు నేల నుంచి జాకీ పెట్టే జాగా దాకా ఒక పుల్లను నిలబెట్టండి. సరిగ్గా అక్కడికి విరవండి. ఇది పొట్టి పుల్ల. తరువాత గాలి నిండిన చక్రం నేల నుంచి రెండు మూడు వేళ్లు పైకి లేవాలంటే ఆ జాగా ఎంత ఎత్తుకు రావాలో చూడండి. అంత పొడుగు ఇంకొక పుల్ల విరవండి. ఇది పొడుగు పుల్ల. రెండు పుల్లలూ దుకాణానికి తీసుకుపోండి.

జాకీని పూర్తిగా దింపితే అది పొట్టి పుల్ల కంటే పొట్టిగా ఉండాలి. పూర్తిగా లేపితే పొడుగు పుల్లను దాటాలి. డబ్బా మీద ఈ రెండు ఎత్తులూ మిల్లీమీటర్లలో రాసి ఉంటాయి. 10 మిల్లీమీటర్లు అయితే 1 సెంటీమీటరు. 200 అని ఉంటే 20 సెంటీమీటర్లు.

కొన్ని సీసా జాకీల తల మీద ఒక మర ఉంటుంది. చేత్తో తిప్పితే ఇంకొంచెం ఎత్తు వస్తుంది. అది ఉన్నది తీసుకుంటే మేలు. ఎత్తు చాలక జాకీ తల మీద రాయి, చెక్క ముక్క పెట్టే అవసరం రాదు. అట్లా పెట్టడం చాలా ప్రమాదం.

జాకీ బరువు కూడా చూడండి. చిన్న చక్రాల జాకీ ఒకరు మోయగలరు. పెద్దది పాతిక కిలోలు దాటవచ్చు. దాన్ని బండిలో వేసుకొని తిరగడం కష్టం.

దుకాణంలో ఏమి అడగాలె?

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి వంటి పట్టణాల్లో బండ్ల సామాన్ల దుకాణాలు ఉంటాయి. హైదరాబాదులో రాణిగంజ్, ఆటోనగర్ ఇటువంటి సామాన్లకు పేరు. ఎక్కడ కొన్నా రెండు దుకాణాల్లో ధర అడగండి. సిగ్గుపడవద్దు. ఇట్లా అడగండి:

"అన్నా, ట్రాలీకి జాకీ కావాలె. ఇది ఎన్ని టన్నులది?"

"ఐదు టన్నులది అక్కా."

"రేకు మీద చూపియ్యి, నేను చదువుకుంట."

"ఇగో, ఐదు అని ఉన్నది."

"మా పుల్ల తెచ్చిన. కింద ఎత్తు సరిపోతదా చూస్త. సీళ్లు పాడైతే దొరుకుతయా?"

"దొరుకుతయి."

"ఒక్కసారి మీ బండి కింద పెట్టి లేపి చూపియ్యి అన్నా. పది నిమిషాలు ఆగి చూస్త."

ఈ చివరి మాట మరిచిపోవద్దు. బండి లేపినాక నేల నుంచి బండి దాకా ఒక పుల్ల కొలత పెట్టుకోండి. పది నిమిషాల తరువాత మళ్లీ చూడండి. కొలత తగ్గితే ఆ జాకీ వద్దు. లోపల నూనె జారుతున్నట్టే. దింపేటప్పుడు కూడా చూడండి. మర కొంచెం తిప్పితే మెల్లగా దిగాలి. ధబ్బున పడకూడదు.

డబ్బా మీద ఇవి చదవండి: తయారు చేసిన కంపెనీ పేరు, చిరునామా, ఫిర్యాదు ఫోను నంబరు, గరిష్ఠ ధర. గరిష్ఠ ధరలో పన్నులు కలిసే ఉంటాయి. అంతకంటే ఎక్కువ అడగడం తప్పు. తగ్గించి ఇమ్మని బేరం ఆడవచ్చు. పేరు, ఊరు లేని జాకీ ఎంత చవకైనా కొనవద్దు.

పాత ఇనుప సామాన్ల దుకాణంలో కొనాలంటే ఇంకా జాగ్రత్త. రంగు కొత్తగా వేస్తే చీలికలు కనపడవు. టన్నుల రేకు లేకపోతే అది ఎంత లేపుతుందో అమ్మేవాడికి కూడా తెలియదు. అటువంటిది వద్దు.

బిల్లు మన బలం

బిల్లు తప్పక తీసుకోండి. బిల్లు మీద తేదీ, దుకాణం పేరు, జాకీ కంపెనీ పేరు, ధర ఉన్నాయా? చదివి చూడండి. గ్యారంటీ కార్డు ఉంటే దాని మీద తేదీ వేయించి ముద్ర కొట్టించండి. రెండూ రేషన్ కార్డు, పాసుబుక్కు పెట్టే చోట పెట్టండి.

"బిల్లు లేకుండా అయితే తక్కువకు ఇస్త" అని అనేవాళ్లు ఉంటారు. ఆ తక్కువ నాలుగు పైసలే. జాకీ చెడిపోతే మాత్రం మన దగ్గర సాక్ష్యం ఉండదు.

వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలై నుంచి అమలులో ఉంది. చెడ్డ సరుకు అమ్మితే మార్చి ఇమ్మని, డబ్బు తిరిగి ఇమ్మని అడిగే హక్కు మనకు ఉంది. ముందు దుకాణంలో అడగండి. వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. రెండేళ్ల లోపల ఇవ్వాలి. 5 లక్షల రూపాయల దాకా ధర ఉన్న సరుకుకు ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే మాట్లాడవచ్చు.

జాకీ లేపుతది, మొయ్యదు

అన్నిటికంటే పెద్ద మాట ఇది. ఎంత మంచి జాకీ అయినా బండిని లేపడానికే. లేపిన బండిని మోస్తూ ఉండడానికి కాదు. ఒక్క రబ్బరు సీలు తెగితే చాలు, బండి కిందికి వస్తుంది. కింద ఉన్న మనిషికి బయటికి జరిగే సమయం దొరకదు.

అందుకని జాకీతో పాటు రెండు ఇనుప స్టాండ్లు కూడా కొనాలి. వాటి మీద కూడా టన్నులు రాసి ఉంటాయి. చదివి కొనండి. ఖరీదైన ఒక్క జాకీ కంటే, మామూలు జాకీ, రెండు గట్టి స్టాండ్లు కలిపి కొనడం మేలు. స్టాండ్లు లేకుండా ఎవరూ బండి కిందికి దూరకూడదు.

పని చేసే వరుస ఇది:

1. చదునైన గట్టి నేల మీద బండి ఆపండి. బ్రేకు వెయ్యండి. గేరులో పెట్టండి.
2. బండిలో ఉన్న మనుషులను దింపండి. పిల్లలను దూరం పంపండి.
3. నేల మీదనే ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి.
4. చక్రం నట్లను బండి నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చెయ్యండి. లేపినాక బలంగా తిప్పితే బండి ఊగుతుంది.
5. జాకీని ఇరుసు కింద గానీ, కంపెనీ చెప్పిన జాగాలో గానీ పెట్టండి. పలుచని రేకు కింద పెట్టవద్దు.
6. మెల్లగా లేపండి. వెంటనే స్టాండ్లు పెట్టండి. బరువును స్టాండ్ల మీదికి దింపండి.
7. పైనుంచి బండిని కొంచెం ఊపి చూడండి. కదలకపోతేనే పని మొదలు పెట్టండి.

ట్రాలీని లేపేటప్పుడు ట్రాక్టరు నుంచి విప్పవద్దు. ట్రాక్టరుకు తగిలించే ఉంచండి. విప్పితే ముందు కొన లేచినా, దిగినా ట్రాలీ జాకీ మీద నుంచి జారుతుంది.

వరుసలో ఒక్కటి తప్పినా "ఆగు" అనండి. "నీకేం తెలుసు" అని అంటే అననీయండి. "స్టాండు పెట్టినాకనే పానా ఇస్త" అని చెప్పండి. పానా మన చేతిలోనే ఉంది కదా!

ఎవరి మీదనైనా బండి పడితే చేతులు పట్టి గుంజవద్దు. ఇంకొక జాకీతో గానీ, నలుగురు కలిసి గానీ బండిని లేపి, కింద చెక్క మొద్దులు పెట్టి, అప్పుడు మనిషిని తియ్యండి. వెంటనే 108కి ఫోన్ చేయించండి.

జాకీని ఎట్ల కాపాడుకోవాలె?

పని అయినాక కడ్డీని పూర్తిగా దింపండి. బయట ఉంటే దానికి దుమ్ము, తుప్పు పడతాయి. బట్టతో తుడవండి. సీసా జాకీని నిలబెట్టి ఉంచండి. వాన తగలని మూలన, పాత సంచి కప్పి పెట్టండి. ఆరు నెలలకు ఒకసారి నూనె చూడండి. ఇనుప కీళ్లకు రెండు చుక్కల నూనె వెయ్యండి.

ప్రతి ఇంటికీ జాకీ అక్కర లేదు. ఒక వాడకట్టులో నాలుగు బండ్లు ఉంటే, సంఘం తరఫున ఒక మంచి జాకీ, రెండు స్టాండ్లు, ఒక చెక్క కలిపి కొనవచ్చు. ఎవరు తీసుకుపోయారు, ఎప్పుడు తెచ్చారు అని ఒక పుస్తకంలో రాయండి. జాకీ ఒక్కటే ఇవ్వవద్దు. స్టాండ్లతో కలిపే ఇవ్వండి.

కొత్త మాటలు చదవండి

జాకీ, టన్ను, క్వింటాలు, ఇరుసు, పానా, స్టాండు, సీలు, గరిష్ఠ ధర, బిల్లు, గ్యారంటీ, వినియోగదారు

చర్చించండి

1. మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఉన్న జాకీ మీద ఎన్ని టన్నులు అని రాసి ఉంది? పోయి చదివి రండి.
2. మీ వాకిలి మట్టిదా, గచ్చా? దానికి ఏ రకం జాకీ మంచిది? ఎందుకు?
3. ట్రాలీ 12 క్వింటాళ్లు. 40 కిలోల సంచులు 80 ఉన్నాయి. మొత్తం ఎన్ని క్వింటాళ్లు? ఒక్క చక్రం మీద ఎంత పడుతుంది?
4. మీ వాడకట్టులో స్టాండ్లు లేకుండా బండి కిందికి దూరేవాళ్లు ఉన్నారా? వాళ్ల ఇంటి ఆడవాళ్లకు ఈ పాఠం చదివి వినిపించండి.